రోమ్ తాగిన నీళ్ళు, తిన్న రొట్టె

అందరికీ నమస్కారం.

రోమ్ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమందికి దొరికేది రెండు మూడు రోజులే. కొలోసియం, ఫోరం, వాటికన్, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్ చూసేసరికి ఆ రోజులు అయిపోతాయి. వాటిని మానేయమని చెప్పడానికి రాలేదు, అవి చూడాల్సినవే. అయితే వాటితోనే ఆగిపోతే చక్రవర్తులు జనానికి ఏం చూపించాలనుకున్నారో అదే మనకూ కనిపిస్తుంది. ఒకప్పుడు దాదాపు పది లక్షల మంది బతికిన ఊరది. మోటార్లు లేని కాలంలో అంతమందికి నీళ్ళు ఎలా అందాయి? రొట్టె ఎవరు కాల్చారు? నూనె ఎక్కణ్ణుంచి దిగింది, ఖాళీ అయిన కుండలు ఏమయ్యాయి? వీటికి జవాబు చెప్పే చోట్లు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నాయి. కొన్నిటికి టికెట్టే లేదు. దాదాపు అన్నిటికీ మామూలు మెట్రోలో, ట్రాములో వెళ్ళిపోవచ్చు. ఇవాళ వాటి గురించే మాట్లాడతాను.

నీళ్ళతో మొదలుపెడదాం. ఎలాగూ ట్రెవీ ఫౌంటెన్ దగ్గరికి వెళ్తారు కాబట్టి అక్కణ్ణుంచే బయల్దేరవచ్చు. ఆ ఫౌంటెన్‌కు నీళ్ళు తెచ్చే కాలువ పేరు అక్వా విర్గో. క్రీ.పూ. 19లో అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా తవ్వించాడు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మొత్తం వాలు నాలుగు మీటర్లే. కాలువలు తవ్వినవాళ్ళకు, లెవెల్ పట్టినవాళ్ళకు ఇది ఎంత గట్టి పనో వెంటనే అర్థమవుతుంది. వాలు ఎక్కువైతే నీటి వేగానికి కాలువ గోడలు కోసుకుపోతాయి, తక్కువైతే మట్టి పేరుకుని పూడిపోతుంది. ఈ కాలువ చాలావరకు నేల కింద నడుస్తుంది. శత్రువుల కంటికీ ఎండా వానలకూ అందకుండా ఉండటం వల్లే మరమ్మతులు చేసుకుంటూ ఇన్ని శతాబ్దాలు వాడుకోగలిగారు.

దాన్ని కళ్ళారా చూడాలంటే ట్రెవీ నుంచి ఐదారు నిమిషాలు నడిచి వియా దెల్ ట్రిటోనె మీదున్న రినషెంటె అనే పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళండి. ఎస్కలేటర్ మీద అండర్‌గ్రౌండ్ అంతస్తుకు దిగితే అరవై మీటర్ల పొడవున అక్వా విర్గో ఆర్చీలు కనిపిస్తాయి. అది కాలువ నేల పైకి వచ్చి నడిచిన భాగం. తర్వాత ఊరి నేలమట్టం పెరిగి ఆర్చీలు మునిగిపోయాయి. దుకాణం కట్టేటప్పుడు బయటపడితే అలాగే ఉంచి 2017లో జనానికి తెరిచారు. టికెట్ లేదు, ఏమీ కొననక్కర్లేదు, దుకాణం తీసి ఉన్నంతసేపూ చూడవచ్చు.

రెండో చోటు ట్రెవీ పక్క సందులోనే ఉంది. పేరు వీకుస్ కప్రారియుస్. పాత సినిమా హాలును తిరిగి కట్టేటప్పుడు 1999లో తవ్వకాలు మొదలై రోమన్ల కాలం నాటి ఇల్లు, దాన్ని ఆనుకుని లక్షా యాభై వేల లీటర్లు పట్టే నీళ్ళ తొట్టి బయటపడ్డాయి. టికెట్ చిన్నదే, లోపల చోటూ చిన్నదే, అందుకని ఒకసారికి కొంతమందినే పంపుతారు. ముందు రోజే ఆన్‌లైన్‌లో సమయం పట్టుకోవడం మంచిది. తొట్టి గోడల గారను దగ్గరగా చూడండి. సున్నంలో కుండ పెంకులు దంచి కలిపిన గార అది. మామూలు సున్నం నీటికి నానిపోతుంది, కాల్చిన మట్టి పొడి కలిస్తే తడిలోనే గట్టిపడుతుంది. రోమన్ల కాలువలన్నీ నిలబడింది ఈ పూత మీదే.

ఇక ఊరి ఆగ్నేయాన ఉన్న పార్కో దెల్యి అక్వెడొట్టి, అంటే కాలువల పార్కు. ఈ రోజు చెప్పేవాటిలో ఒక్కటే చూసే వీలుంటే దీన్నే చూడమంటాను. మెట్రో A లైన్ ఎక్కి, ఊరి ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ నుంచి అనాన్యీనా వైపు వెళ్ళి, జూలియో అగ్రికోలా స్టేషన్లో దిగండి. స్టేషన్ పేరుతోనే ఉన్న రోడ్డు మీద తిన్నగా పది నిమిషాలు నడిస్తే సాన్ పొలికార్పో చర్చి వస్తుంది. దాని వెనకే పార్కు. గేటు లేదు, టికెట్ లేదు, వేళలు లేవు.

అక్కడ కనిపించే ఎత్తైన ఆర్చీల వరస అక్వా క్లాడియా. క్రీ.శ. 38లో కలిగులా చక్రవర్తి మొదలుపెట్టాడు, 52లో ఆయన తర్వాతి చక్రవర్తి క్లాడియస్ పూర్తి చేశాడు. పొడవు 69 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఈ పొడవంతా ఆర్చీలే అనుకుంటారు చాలామంది. కాదు. ఎక్కువ దూరం కాలువ కొండల్ని చుట్టుకుంటూ నేల కిందే వచ్చింది. ఊరు దగ్గరపడేచోట నేల పల్లమైపోతుంది, నీళ్ళు మాత్రం ఊళ్ళోని గుట్టల మీదికి చేరాలి. అందుకే అక్కడే ఎత్తు నిలబెట్టుకోవాల్సి వచ్చి ఇరవై ఐదు మీటర్లు దాటిన ఆర్చీలు కట్టారు.

ఆర్చీల వరస విరిగిపోయిన చోట ఆగి పైకి చూడండి. అక్కడ కాలువ అడ్డకోతలో కనబడుతుంది. ఒకదానిపై ఒకటి రెండు కాలువలు. కింద పెద్ద రాతి దిమ్మెలతో కట్టింది క్లాడియా, దాని నెత్తిన ఇటుకా కాంక్రీటూ వేసి కట్టింది ఆనియో నోవుస్. నది నుంచి వచ్చే ఆనియో నోవుస్ నీళ్ళు వానాకాలంలో బురదగా ఉండేవి, ఊట నుంచి వచ్చే క్లాడియా నీళ్ళు తేటగా ఉండేవి. రెంటినీ కలపకుండా వేరుగా నడపడానికే పై అంతస్తు. కొన్ని ఆర్చీల లోపలివైపు ఇటుకతో ఇంకో ఆర్చీ వేసి ఉంటుంది. అది అలంకారం కాదు, తర్వాతి కాలంలో రాయి కుంగకుండా పెట్టిన ఊతం. ఊట నీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి కాలువ లోపల గట్టి పొర పేరుకునేది. ఎప్పటికప్పుడు నీళ్ళు ఆపి, మనుషులు లోపలికి దిగి ఉలులతో చెక్కి తీసేవాళ్ళు. తీయకపోతే కాలువ ఇరుకై నీళ్ళు పైకి పొర్లి, రాతి కీళ్ళలోకి దిగి, కట్టడమే పగిలిపోయేది.

అదే పార్కులో రైలు పట్టాల వైపు పొట్టిగా, సాదాగా ఉన్న ఇంకో వరస కనిపిస్తుంది. అది అక్వా ఫెలీచె. 1586లో పోప్ ఐదో సిక్స్‌టస్ కాలంలో, పాత అక్వా మార్సియా దారి వెంటే, దాని రాళ్ళే చాలావరకు వాడి కట్టారు. క్రీ.పూ. రెండో శతాబ్దపు మార్సియా ఎందుకు అంతగా కనబడదని అడిగితే జవాబు అదే. ఊరి వైపు ఇంకా నడిస్తే టోర్ ఫిస్కాలె అనే మధ్యయుగపు బురుజు వస్తుంది. క్లాడియా, మార్సియా కాలువలు ఒకదాన్నొకటి దాటుకున్నది అక్కడే. ఆరో శతాబ్దంలో గోత్‌లనే జర్మన్ తెగ వాళ్ళు రోమ్‌ను ముట్టడించినప్పుడు ఆ రెండు వరసల మధ్య ఖాళీలు మూసి దాన్ని కోటగా చేసుకుని దిగారు. 537లో ఊరికి నీళ్ళు తెచ్చే కాలువలు తెంచారు. తర్వాతి శతాబ్దాల్లో జనం గుట్టల మీది ఇళ్ళు వదిలి టైబర్ నది వంపులో ఒదిగిపోవడానికి నీళ్ళు తెగిపోవడం ఒక ముఖ్య కారణం. ఇవాళ మనం తిరిగే ఇరుకు సందుల పాత రోమ్ ఆ నది ఒడ్డు రోమే.

పార్కుకు పొద్దున్నే గాని, సూర్యాస్తమయానికి గంటన్నర ముందు గాని వెళ్ళండి. మధ్యాహ్నం వద్దు, బయలు నేల, నీడ తక్కువ. వాన పడిన మర్నాడు కాలిబాటలన్నీ బురద, తెల్ల బూట్లు పనికిరావు. లోపల దుకాణాలు లేవు, నీళ్ళూ తిండీ స్టేషన్ దగ్గరే తీసుకోండి. వేసవిలో దోమలు గట్టిగా కుడతాయి, పిల్లలుంటే మందు రాసుకుని వెళ్ళండి. దీపాలు లేవు కాబట్టి చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి.

ఈ కాలువలు ఊళ్ళోకి అడుగుపెట్టిన చోటు పోర్టా మజ్జోరే. టెర్మినీ నుంచి 5 లేదా 14 నంబరు ట్రాము ఎక్కితే కొద్ది నిమిషాలే. చుట్టూ ట్రాము తీగలు, ట్రాఫిక్కు, హారన్లు. అందుకే టూరిస్టులు ఆగరు. కోట గుమ్మంలా కనిపించే ఆ కట్టడం మొదట గుమ్మం కాదు, రోడ్లు దాటించడానికి కట్టిన కాలువ వంతెన. మూడో శతాబ్దంలో ఆరేలియన్ చక్రవర్తి ఊరి చుట్టూ గోడ కట్టించినప్పుడు దీన్ని అందులో కలుపుకుని ద్వారం చేశాడు. పక్క నుంచి చూస్తే పైన రెండు కాలువల కంతలు తేటగా కనిపిస్తాయి.

దాని నుదుటి మీద మూడు శాసనాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. దయచేసి వాటి ముందు ఐదు నిమిషాలు నిలబడండి. పైది 52 నాటి క్లాడియస్‌ది, నా సొంత ఖర్చుతో నీళ్ళు తెచ్చానంటుంది. దాని కింద 71లో వెస్పేసియన్ చక్రవర్తి చెక్కించింది, ఈ కాలువ పాడై తొమ్మిదేళ్ళు ఆగిపోతే బాగుచేయించానంటుంది. ఆ కింద 81లో ఆయన కొడుకు టైటస్ చెక్కించింది, పునాది దాకా శిథిలమైతే మళ్ళీ కట్టించానంటుంది. లెక్క కట్టండి. అంత గొప్పగా కట్టిన కాలువ పదేళ్ళు నడిచి, తొమ్మిదేళ్ళు ఎండి, ఇంకో పదేళ్ళకు మళ్ళీ పాడైంది. పద్నాలుగేళ్ళు కట్టారు కదా అని ఊరుకుంటే కుదరలేదు, నిర్వహణే అసలు ఖర్చు. ఈ సంగతిని కట్టినవాళ్ళే రాతి మీద రాసిపెట్టిన చోటు నాకు తెలిసి ఇంతకంటే మంచిది లేదు.

నీళ్ళ దొంగతనం కూడా ఉండేది. 97లో నీటి శాఖ అధికారిగా వచ్చిన ఫ్రాంటినుస్ ఒక వివరమైన గ్రంథమే రాశాడు. ప్రతి ఇంటి కనెక్షన్‌కూ ముద్ర వేసిన కంచు తూము ఉండాలి, దాని తర్వాత యాభై అడుగుల దాకా గొట్టం అదే సైజులో ఉండాలి. ఎందుకంటే తూము చిన్నదే పెట్టి వెంటనే పెద్ద గొట్టం తగిలిస్తే నీళ్ళు ఎక్కువ లాగేసుకోవచ్చు. ముద్ర లేని తూములు, రోడ్ల కింద రహస్యంగా తగిలించిన గొట్టాలు, చేతివాటం చూపించిన పనివాళ్ళు, అన్నీ ఆయన రాసిపెట్టాడు.

పోర్టా మజ్జోరేను ఆనుకునే ఇంకో వింత ఉంది. గుండ్రటి పెద్ద పెద్ద కంతలతో, మన కాలపు కాంక్రీటు కట్టడంలా అనిపించే సమాధి. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో కట్టుకున్నది, యజమాని ఎవురిసాకెస్ అనే రొట్టెల కాంట్రాక్టరు. బహుశా బానిసత్వం నుంచి బయటపడి, ప్రభుత్వానికి రొట్టెలు సరఫరా చేసి బాగుపడినవాడు. తర్వాతి కాలపు బురుజులో మూసుకుపోయి, 1838లో ఆ బురుజు కూల్చినప్పుడు బయటపడింది. పై అంచు చుట్టూ చెక్కిన బొమ్మల్ని వరసగా చూడండి. ధాన్యం తీసుకుని లెక్క రాయడం, గాడిదలు తిప్పే తిరగళ్ళలో విసరడం, పిండి జల్లించడం, జంతువు తిప్పే యంత్రంతో పిండి కలపడం, బల్లల మీద ముద్దలు చేయడం, పొయ్యిలో పెట్టడం, చివరికి అధికారుల ముందు బుట్టల్లో తూకం వేయడం. ఒక కార్ఖానా పని మొత్తం ఉంది అందులో. ఆ గుండ్రటి కంతలు పిండి కలిపే తొట్లకు గుర్తని ఎక్కువమంది పండితుల మాట. కంచె బయటి నుంచే చూడాలి, బొమ్మలు ఎత్తులో ఉన్నాయి, కాబట్టి చిన్న బైనాక్యులర్ గాని ఫోన్ జూమ్ గాని కావాలి. పొద్దుటి వెలుగులో బొమ్మలు బాగా తేలుతాయి.

అక్కడే రైలు పట్టాల కింద, 1917లో బయటపడిన నేలమాళిగ ప్రార్థనా మందిరం ఒకటుంది, గచ్చుతో మలిచిన బొమ్మలతో. తేమకు, రైళ్ళ అదురుకు పాడవుతుందని ముందుగా బుక్ చేసుకున్న చిన్న గుంపుల్నే, అదీ కొన్ని రోజుల్లోనే పంపుతారు. తేదీ కుదిరితే వదలకండి. కుదరకపోతే దాని కోసం ప్లాను మార్చుకోవద్దు.

ఇప్పుడు నూనె. మెట్రో B లైన్‌లో పిరమిడె స్టేషన్లో దిగండి. బయటికి రాగానే నిజంగానే ఒక పిరమిడ్ ఉంటుంది. క్రీ.పూ. మొదటి శతాబ్దం చివర్లో గాయియుస్ సెస్టియుస్ అనే అధికారి సమాధి, ఎత్తు 36 మీటర్ల పైమాటే, 330 రోజుల్లో పూర్తిచేశారని దాని మీదే రాసి ఉంది. దాని నీడలో క్యాథలిక్కులు కానివాళ్ళ శ్మశానం. ఇంగ్లీషు కవులు కీట్స్, షెల్లీ, ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ అక్కడే ఉన్నారు. పువ్వులతో, పిల్లులతో ప్రశాంతమైన చోటు. ప్రవేశానికి చిన్న విరాళం అడుగుతారు. సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు, ఆదివారం ఇంకా ముందే.

అక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే మోంటే టెస్టాచ్చో. చూడటానికి గడ్డి మొలిచిన గుట్ట. ఎత్తు 35 మీటర్ల దాకా, చుట్టుకొలత కిలోమీటరు. అందులో ఒక్క సహజమైన రాయి లేదు, మొత్తం పగిలిన నూనె జాడీలే. అయిదు కోట్లకు పైగా జాడీలని అంచనా. ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్ నుంచి ఆలివ్ నూనెతో వచ్చినవి, మిగతావి ఉత్తరాఫ్రికావి. ఒక్కో జాడీలో 70 లీటర్ల నూనె, మనకు దొరికే పదిహేను కేజీల డబ్బాలు నాలుగింటికి పైనే. ఖాళీ జాడీ బరువే 30 కిలోలు.

వైన్ జాడీల్ని మళ్ళీ వాడేవాళ్ళు, కాలవలకూ గోడలకూ వేసేవాళ్ళు. మరి వీటినెందుకు పారేశారు? మట్టిలోకి నూనె పీల్చుకుపోతుంది, అది ముక్కిపోయి వాసన వేస్తుంది, కొత్త నూనె పోస్తే అదీ చెడుతుంది. పగలగొట్టి గారలో కలుపుదామంటే నూనె సున్నాన్ని పట్టనివ్వదు. బానలాంటి ఆకారం వల్ల పెంకులు పెద్దగా, వంపుగా విరుగుతాయి, దంచడం కష్టం. దాంతో రేవు వెనకే కుప్ప పోశారు. కుప్పంటే ఎలాపడితే అలా కాదు. మెట్లు మెట్లుగా పేర్చి, జారకుండా పెద్ద ముక్కలతో అంచు కట్టి, వాసన రాకుండా సున్నం చల్లారు. పెంకుల మీద సిరాతో రాసిన బరువులు, వర్తకుల పేర్లు, ఆ ఏటి కాన్సుల్ అనే పెద్ద అధికారుల పేర్లతో తేదీలు మిగిలాయి. జర్మన్ పండితుడు హైన్రిహ్ డ్రెసెల్ 1872 నుంచి వాటిని చదివి జాడీలకు నంబర్లతో వర్గీకరణ చేశాడు. ఈ గుట్టలోని స్పెయిన్ నూనె జాడీలను ఇవాళ్టికీ డ్రెసెల్ 20 అనే పిలుస్తారు. ఒక సామ్రాజ్యపు దిగుమతి ఖాతాలు చెత్తకుప్పలో దొరికాయి.

గుట్ట ఎక్కాలంటే ముందుగా అనుమతి తప్పనిసరి. నగరపాలక సంస్థ సమాచార నంబరు 060608కి ఫోన్ చేసి అడగాలి. గైడుతో వెళ్ళే గుంపులకే సాధారణంగా తెరుస్తారు. గేటు వియా గల్వానీ మూల మీద ఉంది. అనుమతి దొరక్కపోయినా చూసే దారుంది. గుట్ట చుట్టూ ఉన్న హోటళ్ళు, క్లబ్బులు దాని పొట్టలోకి తొలిచిన గదుల్లోనే ఉన్నాయి. పెంకుల సందుల్లోంచి గాలి ఆడి లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుందని శతాబ్దాలుగా వైన్ దాచింది అక్కడే. కొన్ని హోటళ్ళలో వెనక గోడకు అద్దం పెట్టి పెంకుల పొరలు చూపిస్తారు. గేటు సందులోంచి చూసినా అంచున పెంకులు కనిపిస్తాయి. ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు, పురావస్తువును తీసుకెళ్ళడం ఇటలీలో నేరం.

తిండి విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే టెస్టాచ్చో తిండికి పేరున్న పేట. 1975 దాకా ఊరి కబేళా ఇక్కడే ఉండేది, అందుకని పేగులు, తోక, కాలేయం లాంటివాటితో చేసే వంటలు ఇక్కడి ప్రత్యేకం. మాంసం తినేవాళ్ళు అవి అడగవచ్చు. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. కార్బొనారా, అమాట్రిచానా, గ్రిచా పాస్తాలు మూడిట్లోనూ పంది కొవ్వు మాంసం ఉంటుంది. మిరియాలు, చీజ్‌తో చేసే కాచో ఎ పెపె లో మాంసం లేదు, కానీ అందులో వేసే పెకొరీనో రొమానో చీజును గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. అలాంటి చీజ్ తిననివాళ్ళు టమాటా సాస్ పాస్తా తీసుకుని చీజ్ వద్దనండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆర్టిచోక్‌ల కాలం, అవి కూరగా వండుకునే ఒక రకం పూమొగ్గలు. యూదుల పేట పద్ధతిలో కరకరలాడేలా వేయించింది, రోమ్ పద్ధతిలో పుదీనా, వెల్లుల్లితో మగ్గబెట్టింది, రెండూ రుచి చూడండి. సుప్లీ అనే అన్నం ఉండల్లో తరచూ మాంసం సాస్ కలుపుతారు, అడిగాకే తినండి. ముక్కల పిజ్జాను తూకానికి అమ్ముతారు. ధర ఎట్టోకి రాసి ఉంటే అది వంద గ్రాములకు, కిలోకు కాదు. బోర్డు సరిగా చదవకపోతే బిల్లు చూసి కంగారు పడతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంతే కోస్తారు.

పిరమిడె తర్వాతి స్టేషన్ గర్బటెల్లా. అక్కణ్ణుంచి పది నిమిషాల నడకలో, వియా ఓస్టియెన్సె 106లో, చెంట్రాలె మోంటెమార్టీని మ్యూజియం. ఇది 1912లో మొదలైన నగరపాలక సంస్థ కరెంటు కేంద్రం. నీళ్ళకు నది దగ్గర్లో ఉండటం వల్ల అక్కడ పెట్టారు, 1963లో మూతపడింది. 1997లో కాపిటొలీన్ మ్యూజియం మరమ్మతుల వల్ల శిల్పాలు కొన్ని తాత్కాలికంగా ఇక్కడికి తెచ్చారు. జనం మెచ్చడంతో చాలా శిల్పాలు ఇక్కడే ఉండిపోయాయి. నల్లటి భారీ డీజిల్ ఇంజన్ల ముందు తెల్లటి పాలరాతి దేవతలు నిలబడి ఉంటారు. ఈ రెండింటినీ కలిపి చూపిన వాళ్ళ ఆలోచనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఇంజన్లు లెన్యానో ఊళ్ళోని టోసీ కంపెనీవి, ఒక్కోటి 7,500 హార్స్‌పవర్.

లోపల మూడు చోట్ల తప్పకుండా ఆగండి. యంత్రాల హాల్లో ఫార్చూనా దేవత పెద్ద తల, చెయ్యి, పాదాలు మాత్రమే ఉంటాయి. మిగతా శరీరం పోలేదు, మొదట్నుంచీ బట్ట కప్పని భాగాలే పాలరాయి, బట్ట భాగం కంచు. కంచును తర్వాతివాళ్ళు కరిగించుకున్నారు. అపోలో గుడి ముఖభాగం శిల్పాలు గ్రీసులో క్రీ.పూ. అయిదో శతాబ్దంలో చెక్కినవి, రోమన్లు తెచ్చి తమ గుడికి అమర్చుకున్నారు. మూడోది క్రెపెరేయా ట్రిఫేనా అనే అమ్మాయి శవపేటికలో 1889లో దొరికిన బొమ్మ. దంతపు బొమ్మ, మోచేతులు, మోకాళ్ళు కదిలేలా కీళ్ళు పెట్టి చేశారు. దాని వేలికి పట్టేంత చిన్న ఉంగరం కూడా ఉంది. సోమవారం సెలవు. గంటన్నర సరిపోతుంది, జనం తక్కువ కాబట్టి వేసవి మధ్యాహ్నానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ధాన్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలంటే రోమన్ల రేవు ఊరు ఓస్టియా ఆంటికాకు ఒక పూట ఇవ్వాలి. పాంపేయీకి పరుగెత్తే రద్దీలో దీన్ని వదిలేస్తున్నారు, నాకది బాధగా ఉంటుంది. పిరమిడె మెట్రో పక్కనే పోర్టా సాన్ పావొలో స్టేషన్. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో అరగంట. మామూలు సిటీ టికెట్టే చాలు. దిగాక పాదచారుల వంతెన దాటి ఐదు నిమిషాలు నడవాలి. నదిలో ఒండ్రు పేరుకుని రేవు ఊరు క్రమంగా పాడుబడిపోయింది, ఆ తర్వాత 1557 వరదలో టైబర్ కూడా దారి మార్చుకుని దూరమైంది. అలా వదిలేయడమే మనకు కలిసొచ్చింది. మూడంతస్తుల అద్దె ఇళ్ళ గోడలు, తిండి దుకాణాలు, మరుగుదొడ్లు అలాగే మిగిలాయి.

మెయిన్ రోడ్డు వెంట థియేటర్ దాకా వెళ్ళి దాని వెనక చౌకులోకి రండి. అరవై దాకా వర్తక సంఘాల కొట్లు, ఒక్కోదాని ముందు నేల మీద మొజాయిక్. ఏనుగు బొమ్మ ఉన్నది లిబియాలోని సబ్రాతా వాళ్ళది, ఓడలున్నవి కార్థేజ్, సార్డీనియా, ఫ్రాన్సులోని నార్బాన్ వాళ్ళవి. తర్వాత ధాన్యం కొలిచేవాళ్ళ సంఘం హాలు. కుంచంలో గింజలు పోసి పైన కర్రతో చదును చేయడం నేల మీది బొమ్మలోనే ఉంది. ధాన్యపు గోదాముల్లో గచ్చు కింద పొట్టి గోడలు చూడండి. కింద గాలి ఆడితేనే గింజ చెమ్మగిలి వేడెక్కకుండా, పురుగు పట్టకుండా ఉంటుంది. దయానా ఇంటి వీధి దగ్గర పిండిమిల్లులో లావా రాతి తిరగళ్ళు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పోర్టా మజ్జోరే సమాధి మీద చెక్కిన తిరగలి ఇక్కడ అసలుదే కనిపిస్తుంది. గాడిదల కాళ్ళు జారకుండా నేలకు రోడ్డుకు వాడే నల్లరాయి పరిచారు.

మనవాళ్ళకు ఇక్కడ ఇంకో తీగ దొరుకుతుంది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ మన తూర్పు తీరాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నటి నూలు బట్టలు బాగా నేస్తారని రాసింది. అంటే కృష్ణా ముఖద్వారం వైపు. ఆ సరుకు ఎర్రసముద్రం, నైలు, అలెగ్జాండ్రియా మీదుగా ఈ ఇటలీ రేవులకే చేరేది. దానికి బదులుగా వచ్చిన డబ్బులో కొంత నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలుగా, వినుకొండలో బంగారు నాణేలుగా దొరికింది. భారతదేశానికి ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు, అంటే రోమన్ నాణేలు, పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ బాధపడింది ఈ వ్యాపారం గురించే.

ఓస్టియాకు కనీసం మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. టోపీ, గట్టి బూట్లు కావాలి, పాత రాళ్ళ మీద పిల్లల స్ట్రోలర్ నడవదు. ఇదీ సోమవారం మూసి ఉంటుంది. చలికాలంలో నాలుగున్నరకే మూస్తారు, మూసే గంట ముందే టికెట్లు ఆపేస్తారు.

కొలోసియం దగ్గరే కాసేపు మిగిలితే సాన్ క్లెమెంటె చర్చిలోకి వెళ్ళండి. పైన పన్నెండో శతాబ్దపు చర్చి, దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి, ఆ కింద మొదటి శతాబ్దపు ఇళ్ళు, మిత్రా దేవుడి గుడి. అట్టడుగుకు దిగితే గోడ వెనక పారే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. ఆ నీరు తవ్వకాల్ని ముంచేస్తుంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వి రోమన్ల పాత మురుగు కాలువ క్లోయాకా మాక్సిమాలోకి మళ్ళించారు. రెండు వేల ఏళ్ళు దాటిన డ్రైనేజీ ఇంకా పనిచేస్తోంది. కిందికి టికెట్ వేరే, ఫోటోలు తీయనివ్వరు, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. చిన్న చర్చిలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా మూస్తారు, దాన్ని బట్టే రోజు వేసుకోండి.

ప్రయాణం సంగతి. ఒకసారి టికెట్ 1.50 యూరోలు, వంద నిమిషాలు చెల్లుతుంది. ఆ లోపల బస్సులు, ట్రాములు ఎన్నైనా మారవచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే. కాగితం టికెట్ కొంటే బస్సెక్కగానే మెషీన్లో ముద్ర వేయించాలి. జేబులో టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా. క్రెడిట్ కార్డు ఆనించినా సరే, కానీ మనిషికో కార్డు, ప్రతి బండిలోనూ అదే కార్డు. పొద్దున ఫోన్, సాయంత్రం ప్లాస్టిక్ కార్డు వాడితే మెషీన్ ఇద్దరు మనుషులనుకుంటుంది. శుక్రవారాల్లో సమ్మెలు ఎక్కువ. సమ్మె రోజున ఉదయం ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా బండ్లు నడపడం రివాజు. ఆ వేళల్లో పడేలా వేసుకోండి, ఓస్టియాను మాత్రం ఆ రోజు పెట్టుకోకండి.

నీళ్ళ సీసా కొనక్కర్లేదు. ఊరంతా దాదాపు 2,500 ఇనప కుళాయి స్తంభాలున్నాయి, నీళ్ళు ఎప్పుడూ పారుతుంటాయి, మంచి నీళ్ళే. కింది మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కంతలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగవచ్చు.

రెండు రోజులుంటే ఇలా చేయండి. మొదటి రోజు పొద్దున ఓస్టియా, తిరిగి పిరమిడెలో దిగి టెస్టాచ్చోలో భోజనం, ఎండ వేళ మోంటెమార్టీని. రెండో రోజు పొద్దున్నే పోర్టా మజ్జోరే, తర్వాత సాన్ క్లెమెంటె, రినషెంటె, సాయంత్రం కాలువల పార్కు. సోమవారం పడితే మొదటి రోజుది చేయవద్దు, రెండో రోజుది సోమవారానికి మార్చుకోండి. అందులో సోమవారం మూసేవి లేవు.